కిటికీ ఎటుందండి?

ఎవరైనా టీవీ పట్టుకొస్తే నాన్న ముందు దాని జబ్బేమిటని అడగరు. "మీ హాల్లో కిటికీ ఎటుందండి?" అని అడుగుతారు.

వచ్చినవాళ్ళు తికమకపడతారు. బొమ్మ రాకపోతే కిటికీతో పనేమిటని. నాన్న వదలరు. గుమ్మం టీవీకి ఎదురుగా ఉందా, పక్కనుందా? సాయంత్రం ట్యూబులైటు వేస్తారా, గుడ్డి బల్బేనా? ముసలివాళ్ళు ఎంత దూరంలో కూర్చుంటారు? ఇవన్నీ తెలిశాక గానీ వెనక మూత విప్పరు. "వెలుతురు ఇంటింటికీ వేరండి. ఇక్కడ బాగున్న బొమ్మ మీ ఇంట్లో కళ్ళు పొడిచెయ్యొచ్చు" అంటారు.

ముక్తేశ్వరం సెంటర్లో మా షాపుకి బోర్డు లేదు. ఏసుపాదం గారి షాపు అంటే ఎవరైనా చూపిస్తారు. ఆ 'గారు' అన్న మాట మా నాయనమ్మ సుందరమ్మకి ప్రాణం. ఆవిడ వయసులో ఉన్నప్పుడు కామందుల పొలాల్లో నాట్లు వేసింది. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళినా పెరటి గుమ్మం దగ్గరే నిలబడేది. నాన్న మాత్రం అవే ఇళ్ళకి వీధి గుమ్మంలోంచి వెళ్తారు. టీవీ హాల్లో ఉంటుంది కదా మరి.

ఇంగ్లండులో క్రికెట్ ప్రపంచకప్పు జరిగిన వేసవి అది. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. అటకల మీద మూలుగుతున్న పాత టీవీలన్నీ కిందికి దిగి మా షాపు ముందుకొచ్చాయి. వెనకనుంచి స్క్రూలు తిప్పేవాళ్ళకి ముందు బొమ్మ కనపడదు, అందుకని ఎదురుగా అద్దం పెట్టుకుంటారు. నాన్న ఎప్పుడూ స్టూలుకి ఆనించి పెట్టుకునేవారు. ఆ వేసవిలో మాత్రం నన్ను పట్టుకోమన్నారు.

నాకు ఆ పని నచ్చింది. అద్దం వెనక నిలబడితే నా ముఖం ఎవరికీ కనపడదు. "మీ అమ్మాయేనాండి? ఏం చదువుతుందండి?" అని ఎవరూ అడగరు. అద్దం అంచు మీదుగా నేను మాత్రం అందర్నీ చూడొచ్చు.

మొదట్లో గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. "ఇంకొంచెం ముందుకి రామ్మా" అనేవారు నాన్న. ఒక అడుగు వేసేదాన్ని. "ఇంకొంచెం." మే నెల వచ్చేసరికి నా మోకాళ్ళు టీవీ బల్లకి తగులుతున్నాయి.

"అద్దం తుడువమ్మా, మసగ్గా ఉంది" అనేవారు. ఓణీ చెంగుతో తుడిచేదాన్ని. అద్దం మీద ఏమీ ఉండేది కాదు. మళ్ళీ తుడిచేదాన్ని.

ఒకరోజు కొండయ్య గారు సైకిల్ క్యారేజీకి కట్టుకుని చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ తెచ్చారు. నాన్న అడగాల్సింది అడిగారు.

"హాలెక్కడిదండి బాబూ, ఉన్నది ఒకటే గది. ఆ కిటికీకి కూడా ఎండకని తాటాకు కట్టేసేం."

"అయితే చీకటి గదన్నమాట. తక్కువ పెడితే సరిపోద్ది" అన్నారు నాన్న. సరిగ్గానే అన్నారు. కానీ వెనక చేరి తిప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. తెర తెల్లబడింది. ఇంకా తెల్లబడింది. వార్తలు చదివే ఆవిడ ముఖంలో ముక్కు పోయింది, కనుబొమలు పోయాయి, సున్నం కొట్టిన గోడకి బొట్టు పెట్టినట్టు ఉంది.

"చాలా అమ్మా?"

"చాలు నాన్నా" అన్నాను. నా గొంతు ఎప్పుడూ నాకే సగం వినపడుతుంది.

"ఇంకొంచెం పెంచుదాం" అన్నారు.

కొండయ్య గారు కళ్ళు చికిలించి, మెల్లిగా చూపు పైకి ఎత్తి ఫ్యాను రెక్కలకేసి చూస్తూ నిలబడ్డారు.

"ఎలా ఉందండి?" అన్నారు నాన్న బయటికొచ్చి.

"ఆయ్, బ్రహ్మాండం అండి" అన్నారాయన ఫ్యానుకేసి చూస్తూనే.

మా ఇంట్లోనూ అంతే. వెనకటి వేసవుల్లో పొద్దు గుంకుతుంటే నాన్న లేచి టీవీ వెలుగు ఒకసారి తగ్గించేవారు, దీపం పెట్టేవేళకి మరోసారి. లాంతరు వత్తి దించినంత నెమ్మదిగా దించేవారు. ఈ ఏడు ఆ లేవడం మానేశారు. గదంతా పిండి చల్లినట్టు ఉండేది. అమ్మ నుదుటికి తడిగుడ్డ కట్టుకుని "పొద్దస్తమానం పొయ్యి దగ్గరే కదా, అందుకే ఈ తలనొప్పి" అనేది. నాయనమ్మ తన ఒక్క కన్నూ గోడవైపు తిప్పుకుని సీరియల్ వినేది. టీవీ మెకానిక్ ఇంట్లో కూర్చుని టీవీ బాగోలేదని ఎవరంటారు?

నేనూ అనలేదు. అద్దం పట్టుకుని నిలబడేదాన్ని, నా అరికాళ్ళ కింద ఏదో పాకుతున్నట్టు ఉండేది. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, మళ్ళీ తాగి, పెరట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చేదాన్ని. అమ్మ "ఫలితాల గురించి బెంగా?" అనేది. అవునని తల ఊపేదాన్ని.

కామందుల కోడలు కనకమహాలక్ష్మి గారింట్లో బొమ్మ ఊగుతోందని కబురొస్తే నాన్న నన్ను కూడా సైకిల్ మీద తీసుకెళ్ళారు. ఆయన డాబా మీద యాంటెన్నా తిప్పుతుంటే నేను హాల్లో నిలబడి బొమ్మ ఎలా వస్తోందో కేకేసి చెప్పాలి. నాకు కేకెయ్యడమంటేనే భయం.

గేటు దగ్గర నాన్న బెల్లు కొట్టారు. లోపల చెప్పుల చప్పుడు పరుగులా వినిపించింది. నాన్న పక్క మెట్ల మీంచి డాబా ఎక్కారు. నేను హాల్లోకి వెళ్ళేసరికి కనకమహాలక్ష్మి గారు ప్లాస్టిక్ కవరు తియ్యని రిమోటు పట్టుకుని టక టక నొక్కుతున్నారు. తెర కింద వెలుగెంతో చూపించే ఆకుపచ్చ గీతలు ఒకదాని పక్కన ఒకటి నిండుతున్నాయి. బొమ్మ తెల్లబడుతోంది. కుర్చీలో ఆవిడ మావగారు, పెద్దాయన, తువ్వాలు కళ్ళ మీద కప్పుకుంటున్నారు.

నన్ను చూసి ఆవిడ నాలిక కరుచుకున్నారు.

"వచ్చేవా అమ్మా... ఏం లేదు. మావయ్యగారికి కళ్ళు మండుతున్నాయంటే కొంచెం తగ్గించుకున్నాం. మీ నాన్నగారు అంత శ్రద్ధగా పెట్టి వెళ్ళింది మేం ముట్టుకున్నామంటే ఏం బాగుంటుంది చెప్పు? ఆయన వెళ్ళేక మళ్ళీ తగ్గించుకుంటాంలే. నువ్వు చెప్పకేం, బాధపడతారు."

తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చిన విద్య.

నాన్న కిందికొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఇప్పుడెలా ఉందండి?"

"వెన్నెల్లా ఉందండి!" అన్నారావిడ. తువ్వాలు కింద పెద్దాయన "ఆయ్" అన్నారు.

తిరిగొస్తుంటే నాన్న హుషారుగా ఉన్నారు. "చూసేవా, ఒక్కళ్ళు వంక పెట్టలేదు. కొండయ్య గారు మాత్రం ఈసారి టీవీ అమలాపురం పట్టుకెళ్ళేరంట. వాళ్ళ బావమరిది ఎవరో ఉన్నాడంట అక్కడ. పోనీలే."

"నాన్నా."

"ఊఁ?"

"ఏం లేదు."

ఆ మాట పూర్తవకుండానే సైకిల్ రోడ్డు పక్కన పోసిన కొబ్బరి డొక్కల కుప్పలోకి వెళ్ళింది. ఇద్దరం పడలేదు గానీ పడినంత పనైంది. "ఎండ సూటిగా కళ్ళల్లో కొడతంది" అన్నారు నాన్న, డొక్కలు పక్కకి నెడుతూ.

ఎండ మా వీపు మీద ఉంది.

నాకు రోజూ డైరీ రాసే అలవాటు. ఆ రోజు ఆ ఒక్క ముక్కే రాసి, ఇంక ఏం రాయాలో తెలియక మూసేశాను.

ఇండియా మ్యాచి ఒకటి ఊరంతా కలిసి చూడాలని యువజన సంఘం కుర్రాళ్ళు అనుకున్నారు. రైసుమిల్లు కళ్ళంలో బల్ల వేసి పెద్ద కలర్ టీవీ పెట్టారు. దాన్ని చూసుకునే పని నాన్నది. ఎండ పడకుండా తెరని ఉత్తరానికి తిప్పించి, పడమటి వైపు గోనెపట్టాలు కట్టించారు. మధ్యాహ్నం మూడింటికి ఆరుబయట బొమ్మ కనపడాలంటే వెలుగు పూర్తిగా పెంచాల్సిందే. పెంచారు. అందరూ మెచ్చుకున్నారు. టీవీ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. సోడా ఇచ్చారు. ఆడవాళ్ళమంతా మిల్లు అరుగు మీద, వెనకాల.

ఎండ వాలింది. కొబ్బరి చెట్ల నీడలు కళ్ళమంతా పరుచుకుని, ఆ తర్వాత నీడలు కూడా పోయాయి. చీకటి పడుతున్న కొద్దీ తెర మండుతోంది. బంతి కనపడటం లేదు. ఆటగాళ్ళ రంగు బట్టలూ ముఖాలూ ఒకటే మెరుపు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు వెనక్కి జరిగారు. తర్వాత పెద్దలు జరిగారు. ఎవరూ ఏమీ అనలేదు. టీవీకీ జనానికీ మధ్య ఖాళీ నేల పెరుగుతోంది. ఆ నేల అవతల నాన్న ఒక్కరే స్టూలు మీద తెరకి మోచేయి దూరంలో వంగి కూర్చున్నారు.

"ఏసుపాదం గారు ఉన్నారు కదా, చూసుకుంటారులే" అన్నారు ఎవరో.

"కళ్ళు పేలిపోతన్నాయిరా" అన్నారింకెవరో, గొంతు తగ్గించి.

"ఉష్. పెద్దాయన. బాగోదు."

నేను లేచాను. ఎందుకు లేచానో అప్పుడు తెలియదు. కూర్చోలేకపోయాను, అంతే. అమ్మ నా ఓణీ పట్టుకుంటే విడిపించుకున్నాను. మగవాళ్ళ మధ్యలోంచి, "అమ్మాయ్, అడ్డం తప్పుకో" అంటున్నా ఆగకుండా, ఆ ఖాళీ నేల దాటి టీవీ ముందుకెళ్ళి నిలబడ్డాను. ఊరంతా నా వీపు చూస్తోంది. తెర కింద మీటలు వెతుకుతున్నాను.

నాన్న తలెత్తి నాకేసి చూశారు. చాలా మర్యాదగా, పరాయివాళ్ళని అడిగినట్టు, "ఎవరమ్మా అది?" అన్నారు.

కళ్ళం మొత్తం విన్నది.

"నేనే నాన్నా."

"నువ్వా."

మీట దొరికింది. నొక్కాను. తెల్లదనం దిగుతూ వచ్చింది. పచ్చిక వచ్చింది, బట్టల ముడతలొచ్చాయి, ముఖాలకి ముక్కులొచ్చాయి. వెనకనుంచి ఎవరో హమ్మయ్య అన్నారు, అని వెంటనే దగ్గారు. జనం మెల్లిగా ముందుకి జరిగారు.

నాన్న తెరకేసి చూశారు. జనం కేసి చూశారు. వాళ్ళకి కనపడుతోందన్నది ఆ చప్పుడుని బట్టి ఆయనకి తెలిసి ఉంటుంది. ఆయన చూపు మాత్రం తెర మీద ఎక్కడా నిలబడలేదు.

కాసేపయ్యాక లేచి "పదమ్మా, ఇంటికెళ్దాం" అన్నారు. నా భుజం మీద చెయ్యేశారు. నేను చిన్నప్పుడు కూడా అలా వేసిన గుర్తు లేదు. దారి పొడుగునా తియ్యలేదు.

మర్నాడు అమ్మ కాకినాడ కళ్ళాసుపత్రి మాట ఎత్తితే నాన్న అన్నం ముందునుంచి లేచిపోయారు. "శుక్లమేనంటావు. నాకూ తెలుసు. కత్తి పెట్టించుకుంటే ఏమవుద్దో కూడా తెలుసు. మా అమ్మని చూడు."

నాయనమ్మ కుడికన్ను ఎప్పుడో, నాన్న ఐటీఐ చదివే రోజుల్లో, ఉచిత శిబిరంలో ఆపరేషన్ చేశాక పోయింది. డాక్టర్లు పాడుచేశారని నాన్న నమ్మకం. మా అందరిదీ అదే నమ్మకం.

నాయనమ్మ అరుగు మీద చింతపండు పిక్క తీస్తోంది. చేతులు ఆపకుండానే అంది. "డాక్టర్లు ఏం చేసేర్రా? కట్టిప్పేక చక్కగా కనపడింది. నీ చొక్కా గుండీలు లెక్కెట్టేను."

"మరి?"

"నెల్లాళ్ళు నీళ్ళు తగలకూడదన్నారు. నేను వారం తిరక్కుండా నాట్లకి దిగేను. బురద చిమ్మింది. చీము పట్టింది. అంతే."

నాన్న అలాగే నిలబడిపోయారు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా?"

"అప్పుడు చెబితే చదువు మానేసి వచ్చేద్దువు. తర్వాత చెబితే ఏం లాభం, ఊరికే బాధపడతావని." పిక్క ఒకటి పక్కకి విసిరింది. "ఏసుపాదం గారూ, ఇంక వెళ్ళి ఆ కళ్ళు చూపించుకోండి."

కొడుకుని ఆవిడ గారూ అనడం అదే మొదలు. అమ్మకి నవ్వొచ్చింది. నాన్నకి రాలేదు గానీ వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చున్నారు.

కాకినాడ వెళ్ళడానికి మా రేవులోనే పంటు ఎక్కి గోదావరి దాటాలి. పొద్దుటి ఎండకి నీళ్ళు తళతళమంటుంటే నాన్న కళ్ళు మూసుకుని రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. పలకరించినవాళ్ళందరికీ గొంతు గుర్తుపట్టి జవాబిచ్చారు. ఎన్నాళ్ళనుంచి అలా గొంతులు గుర్తుపడుతున్నారో అప్పుడే తెలిసింది నాకు.

నలభై ఏడేళ్ళకే రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చేశాయని, కొందరికి అలా వస్తాయని డాక్టరు గారు చెప్పారు. ముందు ఒకటి చేస్తారట, అది కుదురుకున్నాక రెండోది. అంతా చెప్పి, చివర్లో చీటీ రాస్తూ, "నెల రోజులు టీవీ చూడకండి. మీరేం పని చేస్తారు?" అన్నారు.

"టీవీలు బాగుచేస్తానండి" అన్నారు నాన్న.

డాక్టరు గారు చీటీలో టీవీ అన్న మాట కింద రెండు గీతలు గీశారు.

ఆ నెలంతా ఇంట్లో టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. ప్రపంచకప్పు అయిపోయింది. నా ఫలితాలొచ్చాయి, ఫస్టు క్లాసు, ఎవరూ ఎక్కువ పట్టించుకోలేదు. వానలు మొదలయ్యాయి. నాయనమ్మ వీధి గుమ్మానికి కావలి కూర్చుని నాన్నని చినుకు తగలనివ్వలేదు. స్నానానికి కూడా మెడ కిందకే అంటూ పక్కన నిలబడి అరిచేది.

నెల నిండిన సాయంత్రం నాన్న దుప్పటి తీసి టీవీ పెట్టారు. వెలుగు కళ్ళంలో ఆ రోజు ఉన్నంతకి పెంచి, ఎదురుగా కూర్చున్నారు. మేమందరం ఆయన వెనక.

ఆపరేషన్ చేసిన కన్ను అరచేత్తో మూశారు. "ఇది బాగుంది" అన్నారు.

చెయ్యి మార్చారు. రెండో కన్ను మూసి, కొత్త కంటితో చూశారు. చురుక్కుమన్నట్టు తల వెనక్కి పోయింది.

మళ్ళీ మార్చారు. మళ్ళీ. ఆ కంటితో ఒకసారి, ఈ కంటితో ఒకసారి, అదే బొమ్మ. ఎంతసేపు అలా చూశారో. తర్వాత మాకేసి తిరిగారు. అమ్మ తలనొప్పి గుడ్డ కేసి చూశారు. నాయనమ్మ గోడవైపు తిరిగి కూర్చున్న తీరు చూశారు.

"ఇందులోనా కూర్చున్నారు మీరంతా, ఇన్నాళ్ళూ?"

అమ్మ నుదుటి గుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన టీవీ కట్టేశారు. చీకట్లో ఆయన గొంతు వినిపించింది. "కనకమహాలక్ష్మి గారింటికి ఎప్పుడెళ్ళినా తెర కింద ఆకుపచ్చ గీతలు కనపడేవి. అప్పుడే ఎవరో నొక్కి వదిలినట్టు. మసకలో కూడా ఆ గీతలు మాత్రం తెలిసేవి. ఎందుకా అనుకునేవాణ్ణి." ఆ గొంతు నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

ఎందుకు చెప్పలేదని అడగలేదు. "పద" అన్నారు.

వాన వెలిసి దారంతా గుంటల్లో నీళ్ళు. సైకిల్ నేను తొక్కాను, నాన్న క్యారేజీ మీద కూర్చున్నారు. గేటు దగ్గర బెల్లు కొట్టగానే లోపల చెప్పులు పరిగెత్తాయి.

నాన్న మెట్టు మీద నిలబడి, లోపలికి వినపడేలా అన్నారు. "అమ్మా, పెంచకండి. ఉన్నదున్నట్టు ఉండనివ్వండి. చూడ్డానికే వచ్చేను."

చెప్పులు ఆగిపోయాయి.

మేం లోపలికెళ్ళేసరికి ఆవిడ రిమోటు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. పెద్దాయన లోపల గదిలో పడుకున్నారట. టీవీ వెలుగుతోంది, ట్యూబులైటు వెలుతురులో, మెత్తగా. నాన్న ఎప్పుడూ నిలబడేది గుమ్మం పక్కన. ఈసారి "మీ మావగారు ఎక్కడ కూర్చుంటారండి? అక్కణ్ణించి చూడాలి" అన్నారు.

ఆవిడ ఒక్క క్షణం చూసి, కుర్చీ మీద తువ్వాలు తీసి భుజాన వేసుకుని "కూర్చోండి" అన్నారు.

నాన్న అంచున కూర్చున్నారు. కన్ను మూసి తెరిచి చూశారు. "బాగుందండి. ఎవరు పెట్టేరో గానీ బాగా పెట్టేరు."

"అబ్బే, ఏదో నొక్కేమండి..."

"అది కాదు గానీ, ఒక మాట చెప్పండి. ఏవన్నా బాగోలేదా?"

"అయ్యో, బ్రహ్మాండంగా..." అని ఆగిపోయారావిడ. నాకేసి చూశారు. నేను తల ఊపలేదు. "చెప్పండి పిన్నిగారూ" అన్నాను. అంత గట్టిగా నేనే అన్నానా అనిపించింది.

"మరేనండి..." అన్నారావిడ, రిమోటు కవరు గిల్లుతూ, "ఆ ఎరుపు కొంచెం ఎక్కువుంటుందేమోనండి. అందరికీ ఎండదెబ్బ తగిలినట్టు."

"ఆయ్" అన్నారు నాన్న.

"సౌండు కూడా, పెంచితే గరగరమంటదండి. రెండేళ్ళనించీ."

"ఆయ్."

"రిమోటులో నాలుగో నెంబరు అసలు పనే చెయ్యదండి. చెబితే ఏమనుకుంటారో అని..."

ఆవిడ చెబుతూనే ఉన్నారు. నాన్న ఆ కుర్చీలో అంచునుంచి మెల్లిగా వెనక్కి జరిగి, వీపు పూర్తిగా ఆనించి, వింటున్నారు.